80 వేల లోపు గేమింగ్ ల్యాప్‌టాప్: తర్వాత పెంచుకునే వీలుండేలా ఎంచుకోవడం ఎలా?

ఏటా ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగిసే వేళకు చాలా ఇళ్లలో ఒకే చర్చ మొదలవుతుంది. అబ్బాయికో అమ్మాయికో ల్యాప్‌టాప్ కొనాలి. కోడింగ్‌కు సరిపోవాలి, ప్రాజెక్టులకు పనికిరావాలి, రాత్రి పూట స్నేహితులతో కలిసి ఆటలు ఆడుకునేలా ఉండాలి, నాలుగేళ్లు నిలవాలి. ఇంట్లో ఇవ్వగలిగేది 70 వేలో, మహా అయితే 80 వేలో. దుకాణానికి వెళ్తే 50 వేల నుంచి లక్షన్నర దాకా వరుసగా పేర్చి ఉంటాయి. అన్నింటి మీదా గేమింగ్ అన్న ముద్ర ఉంటుంది, అన్నీ మంచివేనని చెప్పే మనిషి పక్కనే నిలబడి ఉంటాడు.

ఈ ధరలో అన్నీ అమరిన యంత్రం దొరకదు. పునాది గట్టిగా ఉన్నది మాత్రం తప్పక దొరుకుతుంది. మిగతాది ఏడాదికో రెండేళ్లకో చేతిలో డబ్బు ఉన్నప్పుడు మనమే పెంచుకోవచ్చు. అందుకు పాటించాల్సింది ఒక్కటే: తర్వాత మార్చలేని భాగాల మీద డబ్బు ఇప్పుడే పెట్టాలి, మార్చుకోగలిగే వాటి దగ్గర ప్రస్తుతానికి సర్దుకోవాలి. కౌంటర్ ముందు నిలబడ్డప్పుడు చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. 1 టీబీ స్టోరేజీ, 16 జీబీ ర్యామ్ అన్న పెద్ద అంకెలకు మొగ్గి, గ్రాఫిక్స్ చిప్పు, తెర ఎలాంటివో అడగనే అడగరు.

1. ముందుగా గీత గీసుకోండి: ఏది మారుతుంది, ఏది మారదు

డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డును ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో అది కుదరదు. నేడు అమ్ముడవుతున్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నింటిలోనూ ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్పు రెండూ మదర్‌బోర్డుకు టంకంతో అతికించి ఉంటాయి. వాటిని చల్లబరిచే ఫ్యాన్లు, రాగి గొట్టాలు ఆ మోడల్ కోసమే చేసినవి. తెరను మార్చడం అసాధ్యం కాదు గానీ, ప్యానెల్ ధర, కనెక్టర్ కుదరడం, వారంటీ అన్నీ లెక్కేస్తే మారదనే అనుకోవడం మంచిది.

మారేవి ఇవి: స్లాట్‌లో కూర్చునే ర్యామ్, ఎస్ఎస్‌డీ (ఫైళ్లు, ఆటలు నిల్వ ఉండే డ్రైవ్), చాలా మోడళ్లలో వైఫై కార్డు, అరిగిపోయాక బ్యాటరీ, చిప్పుల మీద పూసే థర్మల్ పేస్ట్.

గ్రాఫిక్స్ మాడ్యూల్‌ను కూడా మార్చుకోనిచ్చే ల్యాప్‌టాప్‌లు ప్రపంచంలో లేకపోలేదు. అమెరికాకు చెందిన ఫ్రేమ్‌వర్క్ సంస్థ 2024లో కొనుగోలుదారులకు అందించిన 16 అంగుళాల మోడల్ అలాంటిదే. ఆ ఆలోచన నాకు చాలా ఇష్టం. దాని ధర మాత్రం మన బడ్జెట్‌కు చాలా దూరం. థండర్‌బోల్ట్ అనే వేగవంతమైన కేబుల్ పోర్టు ద్వారా బయటి గ్రాఫిక్స్ పెట్టె తగిలించుకోవచ్చని ఎవరైనా చెప్పినా వినకండి. పెట్టెకూ అందులోని కార్డుకూ పెట్టే డబ్బుతో ఇంకా మంచి ల్యాప్‌టాప్ వస్తుంది.

2. ఏ ఆటలు ఆడతారో కాగితం మీద రాయండి

ఇది చిన్న పనే, కానీ వదిలేయకండి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి పోటీ ఆటలు గ్రాఫిక్స్ చిప్పును అంతగా కష్టపెట్టవు. ప్రాసెసర్ చురుగ్గా ఉండి, ర్యామ్ రెండు స్టిక్కులుగా ఉండి, తెర 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చేది) అయితే చాలు. సైబర్‌పంక్ 2077, బ్లాక్ మిత్ వుకాంగ్ లాంటి భారీ ఆటలకు లెక్క వేరు. అక్కడ గ్రాఫిక్స్ చిప్పు, దాని సొంత మెమరీయే నిర్ణయిస్తాయి. జాబితాలో మొదటి రకమే ఉంటే 60 వేల దగ్గరే ఆగిపోవచ్చు. మిగిలిన డబ్బుకు మంచి మౌసు, హెడ్‌ఫోను, కూలింగ్ స్టాండు వస్తాయి. రెండో రకం ఉంటే బడ్జెట్‌లో చివరి రూపాయి దాకా గ్రాఫిక్స్ వైపే వెళ్లాలి.

లినక్స్ వేసుకుని చదువుకుందాం అనుకునే ఇంజినీరింగ్ విద్యార్థులకు ఒక మాట. విండోస్ 11లో వాలరెంట్ నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ పనిచేస్తూ ఉండాలి, లినక్స్‌లో ఆ ఆట నడవనే నడవదు. రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ కావాలంటే రెండు ఎస్ఎస్‌డీ స్లాట్లున్న మోడల్ తీసుకోండి. ఒక్కోదానికి ఒక్కో డ్రైవ్ ఇచ్చేస్తే ఒకదాని గొడవ మరొకదానికి అంటదు.

3. గ్రాఫిక్స్ చిప్పు: పేరు సగమే చెబుతుంది

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

ఈ ధరల్లో ఎక్కువగా కనిపించేవి ఎన్విడియా చిప్పులు. అడుగున ఆర్‌టీఎక్స్ 2050, ఆర్‌టీఎక్స్ 3050 ఉంటాయి. 2050కి 4 జీబీ మెమరీ, అదీ ఇరుకైన 64 బిట్ దారిలో. కొత్త భారీ ఆటలకు ఇది చాలదు, గేమింగ్ పేరుతో అమ్ముతున్నా దీన్ని పక్కన పెట్టండి. 3050లో 4 జీబీది, 6 జీబీది అని రెండున్నాయి. తీసుకుంటే 6 జీబీదే తీసుకోండి. ఆ పైన 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4050కి 6 జీబీ, 4060కి 8 జీబీ మెమరీ. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5050, 5060 రెండింటికీ 8 జీబీ.

ఆ మెమరీ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఆటలోని గోడలు, నేల, ముఖాలు, చెట్లు, వాటి మీది ప్రతి అల్లిక చిత్రమూ గ్రాఫిక్స్ మెమరీలోనే కూర్చుంటుంది. అది నిండితే చిప్పు ఎంత వేగంగా ఉన్నా, కావాల్సింది మామూలు ర్యామ్ నుంచి తెచ్చుకోవాలి. తెరమీద అది ఉన్నట్టుండి ఒక్క క్షణం ఆగి కుదుపుతో ముందుకెళ్లడంగా కనిపిస్తుంది. సెట్టింగుల్లో టెక్స్చర్లను ఒక మెట్టు తగ్గిస్తే చాలాసార్లు కుదురుకుంటుంది. కానీ ఈ మెమరీని మాత్రం ఎప్పటికీ పెంచలేం. నాలుగేళ్లు వాడాలనుకునే వారికి 8 జీబీ దొరికితే 6 జీబీ కన్నా అదే మేలు. కొంచెం పాత ప్రాసెసర్‌తో సరిపెట్టుకోవలసి వచ్చినా సరే.

రెండో విషయం వాట్లు. ఆర్‌టీఎక్స్ 4050, 4060 చిప్పులకు 35 నుంచి 115 వాట్ల దాకా ఎంత కరెంటు ఇవ్వాలన్నది ల్యాప్‌టాప్ తయారీదారు ఇష్టం. పలుచగా, తేలిగ్గా ఉండే కొన్ని మోడళ్లలో 45 వాట్ల దగ్గరే కట్టేస్తారు. బాక్సు మీద పేరు అదే, ఆటలో సెకనుకు వచ్చే ఫ్రేములు (బొమ్మలు) మాత్రం బాగా తక్కువ. 45 వాట్ల 4060 కన్నా పూర్తి వాట్లున్న 4050 మెరుగ్గా నడిచే సందర్భాలు ఉంటాయి. అందుకే స్పెసిఫికేషన్లలో టీజీపీ (గ్రాఫిక్స్‌కు ఇచ్చే గరిష్ఠ వాట్లు) అన్న పదం వెతకండి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ అంకె దాచిపెట్టినట్టుగా ఉంటే అనుమానించండి. దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన ల్యాప్‌టాప్‌లోనే చూసుకోవచ్చు కూడా: ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్ మీద నొక్కితే గరిష్ఠ గ్రాఫిక్స్ పవర్ ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. అర నిమిషం పని.

మూడోది మక్స్ స్విచ్. ఇది లేని ల్యాప్‌టాప్‌లో ఎన్విడియా చిప్పు గీసిన ప్రతి ఫ్రేమూ ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ గుండా వెళ్లి తెరకు చేరుతుంది. ఉన్నదాంట్లో నేరుగా వెళ్తుంది. పోటీ ఆటల్లో, ఫ్రేములు ఎక్కువగా వచ్చే చోట, ఈ తేడా బాగా తెలుస్తుంది. ఇది కూడా తర్వాత చేర్చుకునేది కాదు.

ధరల సంగతి. 2025 పండుగ అమ్మకాల్లో 3050 మోడళ్లు సుమారు 55 నుంచి 65 వేలకు, 4050 మోడళ్లు 70, 80 వేల మధ్య కనిపించాయి. 4060 కొంచెం పైనే ఉన్నా, బ్యాంకు కార్డు తగ్గింపుతో అప్పుడప్పుడు కిందికి దిగేది. కొత్త తరం వచ్చినప్పుడు పాత తరం నిల్వలను వదిలించుకుంటారు, ఆ సమయంలో కొనడం మంచి బేరం. ఒక తరం పాతదైన 4060 కన్నా కొత్త పేరున్న 5050 గొప్పదేమీ కాదు. ధర చూసి తేల్చుకోండి.

4. ప్రాసెసర్ పేరులోని అంకెలు

ఈ బడ్జెట్‌లో ప్రాసెసర్ దగ్గర పెద్దగా తల పట్టుకోనక్కర్లేదు. గ్రాఫిక్స్ 4050 స్థాయిలో ఉన్నప్పుడు ఇంటెల్ ఐ5-12450హెచ్, ఐ5-13420హెచ్, రైజెన్ 5 7535హెచ్‌ఎస్ లాంటివి సరిపోతాయి. పేరు చివర యు అక్షరం ఉన్నవి తక్కువ కరెంటుతో నడిచే పలుచటి ల్యాప్‌టాప్‌ల కోసం, గేమింగ్‌కు హెచ్, హెచ్‌ఎస్, హెచ్‌ఎక్స్ చూడండి.

ఒక్క కిటుకు తెలిసి ఉండాలి. ఏఎండీ సంస్థ రైజెన్ 7000 వరుస ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో మూడో అంకె అసలు తరాన్ని చెబుతుంది. 7535లో మూడో అంకె 3, అంటే లోపల జెన్ 3 కుటుంబం. 7840లో 4, అంటే జెన్ 4. రెండూ 7తో మొదలవుతాయి కాబట్టి ఒకే తరమనుకుంటే పొరపాటు. ఇంకొకటి, రైజెన్ 7 7435హెచ్‌ఎస్. ఎనిమిది కోర్లతో మంచి పని చేస్తుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది. కానీ అందులో చిన్న గ్రాఫిక్స్ భాగం లేదు. తరగతిలో నోట్సు రాసుకుంటున్నప్పుడు కూడా ఎన్విడియా చిప్పు మేలుకునే ఉండాలి, దాంతో బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. హాస్టల్ బల్ల మీద ఛార్జర్ తగిలించి వాడేవారికి ఇబ్బంది లేదు. కాలేజీకి మోసుకెళ్లేవారు దీన్ని వద్దనుకోవడమే మంచిది.

5. తెర: ఒక్క వరుసను ఇలా చదవండి

మోడల్ పేజీలో తెర గురించి ఇలా ఒక వరుస ఉంటుంది: 15.6 అంగుళాలు, ఎఫ్‌హెచ్‌డీ, ఐపీఎస్, 144 హెర్ట్జ్, 250 నిట్స్, 45% ఎన్‌టీఎస్‌సీ. కొనేవారి కన్ను 144 దగ్గరే ఆగిపోతుంది. అది మంచి అంకే, కాదనను. 60 హెర్ట్జ్ తెర ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి బొమ్మ మారిస్తే, 144 హెర్ట్జ్ తెర 6.9 మిల్లీసెకన్లకే మారుస్తుంది. అసలు విషయం చివరి రెండు అంకెల్లో ఉంది. 250 నిట్స్ వెలుతురు మూసిన గదికి పర్వాలేదు, కిటికీ పక్కన పగటిపూట కళ్లు చిట్లించాలి. 45% ఎన్‌టీఎస్‌సీ అంటే రంగులు పాలిపోయి ఉంటాయి, ఎరుపు నారింజలా కనిపిస్తుంది. వీడియో ఎడిటింగ్, పోస్టర్ల డిజైన్ లాంటి పనులకు అది పనికిరాదు.

అదే మోడల్‌లో 300 నిట్స్, 100% ఎస్ఆర్‌జీబీ (రంగులు నిండుగా చూపుతుందని చెప్పే కొలత) అని రాసిన తెరకు మూడు నాలుగు వేలు ఎక్కువ అడిగినా ఇచ్చేయండి. నాలుగేళ్లు రోజూ కళ్లముందు ఉండేది అదే. ఎక్కువ రిజల్యూషన్ కోసం మాత్రం ఆరాటపడకండి. ఈ బడ్జెట్‌లోని గ్రాఫిక్స్‌కు 1080 పిక్సెళ్ల (ఎఫ్‌హెచ్‌డీ) తెరే సరైన జోడీ.

6. ర్యామ్, ఎస్ఎస్‌డీ: ఎంత ఉంది అన్నది కాదు, ఎన్ని స్లాట్లు అన్నది

మార్చుకునే భాగాలంటే ముఖ్యంగా ఇవే కాబట్టి కొనే ముందు నాలుగు ప్రశ్నలకు జవాబు తెలుసుకోవాలి. ర్యామ్ స్లాట్లు ఎన్ని, వాటిలో ఖాళీ ఎన్ని? కొంత ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా? గరిష్ఠంగా ఎంత పెట్టుకోవచ్చు? ఎస్ఎస్‌డీకి రెండో ఎం.2 స్లాట్ ఉందా, ఉంటే ఏ పొడవుది?

ఎల్‌పీడీడీఆర్ అని రాసి ఉంటే ర్యామ్ దాదాపుగా బోర్డుకు అతికించినదే, పెంచే వీల్లేదు. డీడీఆర్4 లేదా డీడీఆర్5 సోడిమ్ (ల్యాప్‌టాప్ ర్యామ్ స్టిక్కు) అని ఉంటే స్లాట్ ఉన్నట్టు. రెండింటి గాడి (అంచులోని కోత) వేర్వేరు చోట ఉంటుంది కాబట్టి ఒకదానిలో మరొకటి దిగదు. ఎస్ఎస్‌డీ పొడవులో ఎక్కువగా కనిపించేవి 2280, 2242. అంటే వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 80 లేదా 42. రెండో స్లాట్ 2242కే సరిపోయేదైతే మార్కెట్‌లో దొరికే రకాలు తగ్గుతాయి.

ఈ సమాధానాలు అమ్మేవారిని అడిగితే చాలాసార్లు ఊహించి చెబుతారు. కంపెనీల దగ్గరే తెలుసుకోండి. లెనోవో తన ప్రతి మోడల్ వివరాలనూ పీఎస్‌రెఫ్ అన్న వెబ్‌సైట్‌లో స్లాట్ల లెక్కతో సహా పెడుతుంది. హెచ్‌పీ, డెల్ సర్వీసు మాన్యువళ్లు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అందులో అడుగు మూత ఎలా తీయాలో బొమ్మలతో ఉంటుంది. కొనకముందే ఆ పేజీలు ఒకసారి తిరగేస్తే, ఆ ల్యాప్‌టాప్ విప్పడానికి తేలికో కష్టమో అర్థమవుతుంది.

ఇక ర్యామ్ ఒకే స్టిక్కుగా ఉందా, రెండుగా ఉందా అన్నది. 16 జీబీ ఒకే స్టిక్కు కన్నా 8 జీబీలవి రెండు పెడితే ప్రాసెసర్‌కు రెండు దారుల్లో సమాచారం అందుతుంది. సగటు ఫ్రేముల కన్నా మధ్యమధ్యలో వచ్చే కుదుపుల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. అలాగని 16 జీబీ ఒక్క స్టిక్కు చెడ్డదేమీ కాదు. రెండో స్లాట్ ఖాళీగా ఉంటే, తర్వాత అలాంటిదే ఇంకొకటి పెట్టి 32 జీబీ చేసుకోవచ్చు. 8 జీబీవి రెండూ నిండి ఉంటే మాత్రం పెంచాలన్నప్పుడు రెండూ తీసేయాలి.

ఇక్కడ పాత సలహా ఒకటి మార్చుకోవాలి. తక్కువ ర్యామ్‌తో కొని, ఆ తర్వాత బయట చవకగా పెంచుకోమని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాం. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీతో మెమరీ ధరలు ప్రపంచమంతటా ఒక్కసారిగా పైకెగిశాయి. ఆ డిసెంబరులోనే మైక్రాన్ సంస్థ తన క్రూషియల్ బ్రాండుతో వినియోగదారులకు నేరుగా చేసే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. కాబట్టి కొనే రోజున విడి స్టిక్కు ధర చూడండి. 8 జీబీ మోడల్‌కూ 16 జీబీ మోడల్‌కూ మధ్య తేడా ఆ విడి స్టిక్కు ధర కన్నా తక్కువగా ఉంటే 16 జీబీదే కొనేయండి.

ఎస్ఎస్‌డీ దగ్గర 512 జీబీతో మొదలుపెట్టడానికి భయపడకండి, కానీ నిజం తెలిసి ఉండాలి. విండోస్‌లో అది సుమారు 476 జీబీగా కనిపిస్తుంది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, బాల్డర్స్ గేట్ 3 లాంటి ఆటలు ఒక్కోటి 150 జీబీ ఖాళీ అడుగుతాయి. రెండు పెద్ద ఆటలు, కాలేజీ సాఫ్ట్‌వేర్, విండోస్ చేరాక మిగిలేది కొంచెమే. రెండో స్లాట్ ఎందుకు కావాలో ఇప్పుడు తెలిసే ఉంటుంది. వేగం విషయంలో, మూడో తరం పీసీఐఈ (ఎస్ఎస్‌డీని బోర్డుతో కలిపే దారి) డ్రైవ్ సెకనుకు సుమారు 3,500 ఎంబీ చదివితే, నాలుగో తరానిది 7,000 దాకా వెళ్తుంది. ఆట తెరుచుకోవడంలో ఆ తేడా చాలా స్వల్పం. ఎక్కువ వేగానికి బదులు ఎక్కువ చోటు ఎంచుకోండి.

7. మార్పులు ఎక్కడ చేయించాలి: ఫ్యాక్టరీలోనా, దుకాణంలోనా, ఇంట్లోనా?

లెనోవో, డెల్ వంటి కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కొన్ని మోడళ్లకు భాగాలను ఎంచుకునే వీలు ఇస్తాయి. అక్కడ మార్చాల్సినవి తర్వాత మనం ముట్టుకోలేనివే: తెర, గ్రాఫిక్స్, పెద్ద బ్యాటరీ, ఎక్కువ వాట్ల ఛార్జర్, వారంటీ ఏళ్లు. ర్యామ్, ఎస్ఎస్‌డీలను మాత్రం బయటి ధరతో పోల్చాకే పెంచండి. ఇలా చేయించుకున్న యంత్రం రావడానికి వారాలు పట్టవచ్చు, నచ్చకపోతే తిరిగి తీసుకునే షరతులు కఠినంగా ఉండవచ్చు. డబ్బు కట్టే ముందు ఆ షరతులు చదవండి.

దుకాణాల దారి వేరు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ల్యాప్‌టాప్ కొన్న కౌంటర్ దగ్గరే ర్యామ్ కూడా వేసి ఇస్తారు. బేరం ఆడవచ్చు, నాలుగు షాపులు తిరిగి ధర తెలుసుకోవచ్చు. అయితే మూత మీ కళ్లముందే తెరవమనండి. ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు, వేసిన స్టిక్కు బ్రాండు, సీరియల్ నంబరు జీఎస్టీ బిల్లు మీద రాయించుకోండి. పాత స్టిక్కు తీసేస్తే దాన్ని మీకే ఇవ్వమని అడగండి, అది మీ సొత్తు. మూత తెరిస్తే వారంటీ పోతుందా అన్నది కంపెనీని బట్టి ఉంటుంది. కస్టమర్ మార్చుకోదగ్గ భాగాల జాబితాలో ర్యామ్ ఉంటే ధైర్యంగా తెరవవచ్చు. లేకపోతే అధీకృత సర్వీసు కేంద్రంలోనే చేయించండి.

అమెరికాలో ఉన్న బాబాయో, అక్కయ్యో తెస్తామన్నారా? విదేశం నుంచి వచ్చే 18 ఏళ్లు నిండిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఛార్జర్ ఇటుక మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటే మన కరెంటుకు సరిపోతుంది. గోడకు తగిలించే తీగ ఒక్కటి మన ప్లగ్గుది కొంటే చాలు. చూసుకోవాల్సింది వారంటీ. ఆ మోడల్‌కు భారత్‌లో సర్వీసు వర్తిస్తుందో లేదో కొనకముందే కంపెనీని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. మదర్‌బోర్డు పోతే ఆదా చేసిందంతా దానికే పోతుంది.

8. మన ఎండలు, మన కరెంటు

రివ్యూలు చేసేవారు ఏసీ గదిలో, 22, 24 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఫ్యాన్ కింద కూర్చుని ఆడేవారి గది 38 డిగ్రీలుండవచ్చు. గది వేడిలోని ఆ తేడా దాదాపుగా అంతే మేర చిప్పు మీద కనిపిస్తుంది. ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గరికి చేరగానే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అందుకే రివ్యూలో 80 దగ్గర నడిచినది, 92 దగ్గర నడిచినది అని రెండుంటే, మన ఊళ్లలో మొదటిదే కొనాలి. ఆ రెండోది మీ గదిలో ఊపిరాడక కుంటుతుంది.

వెనుక భాగాన్ని రెండు అంగుళాలు ఎత్తి పెట్టండి, పరుపు మీద ఎప్పుడూ ఆడకండి. ఆట సెట్టింగుల్లో ఫ్రేములను 60 లేదా 90కి కట్టడి చేస్తే వేడి, ఫ్యాను మోత రెండూ తగ్గుతాయి. ఇది డబ్బు ఖర్చు లేని పద్ధతుల్లో అన్నింటికన్నా మేలైనది.

కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద ఆట కొనసాగుతుంది గానీ, గ్రాఫిక్స్‌కు వాట్లు బాగా తగ్గిపోయి నెమ్మదిస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది ప్యూర్ సైన్ వేవ్ (గోడ ప్లగ్గు లాంటి నిలకడైన కరెంటు ఇచ్చే) రకమో కాదో చూసుకోండి. గేమింగ్ ల్యాప్‌టాప్ ఛార్జర్లు 170 నుంచి 230 వాట్ల దాకా తీసుకుంటాయి కాబట్టి ఫ్యాన్లు, లైట్లతో కలిపి లెక్క వేయండి.

సర్వీసు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంటికి వచ్చి బాగుచేస్తామని బాక్సు మీద ఉంటుంది, మీ పిన్‌కోడ్‌కు వస్తారా లేదా అన్నది కంపెనీ కాల్ సెంటర్‌కు ఫోను చేసి కనుక్కోండి. జిల్లా కేంద్రానికి దూరంగా ఉండే వారికి రెండు బ్రాండ్ల మధ్య ఇదే తేల్చే విషయం కావచ్చు.

9. కొన్న రోజు, ఆ తర్వాతి వారం

ఆన్‌లైన్‌లో కొంటే బాక్సు సీలు తీయడం నుంచి మొదటిసారి వెలిగేదాకా ఆపకుండా వీడియో తీయండి. తిరిగి ఇచ్చే గడువు ఎన్ని రోజులో, డబ్బు ఇస్తారా, సర్వీసు కేంద్రం ధ్రువీకరణ అడుగుతారా అన్నది ముందే చదవండి. వడ్డీ లేని వాయిదాలన్న చోట ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ భాగం మీద జీఎస్టీ పడతాయి. ఆ రెండూ కలుపుకుని ధర పోల్చండి.

మొదటి రోజే చూడాల్సినవి: తెర మీద పూర్తి తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు నింపి చచ్చిన పిక్సెళ్లున్నాయేమో, చీకటి గదిలో అంచుల వెంట వెలుతురు కారుతోందేమో. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అన్న ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి, మీకు ఇష్టమైన ఆటల్లో బరువైనదాన్ని గంటసేపు ఆడి, చిప్పుల వేడి, గ్రాఫిక్స్ తీసుకున్న వాట్లు చూడండి. 100 వాట్లని చెప్పినది 60 దాటకపోతే ఛార్జర్ గోడకు నేరుగా ఉందా, పెర్ఫార్మెన్స్ మోడ్ పెట్టారా అని సరిచూసి, అప్పటికీ అంతే అయితే గడువులోగా వెనక్కి పంపండి. ప్రతి యూఎస్‌బీ పోర్టు, ప్రతి కీ నొక్కి చూడండి. ర్యామ్ పెంచాలన్న తొందరలో ఈ వారంలో మూత తెరవకండి. ముందు అసలు యంత్రం బాగుందని తేలనివ్వండి.

10. మూత తెరిచి ర్యామ్ వేయడం

ముందుగా విండోస్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డ్రైవ్‌లోని సమాచారానికి తాళం వేసే ఏర్పాటు) నడుస్తోందేమో చూసి, ఆ తాళం తెరిచే బిట్‌లాకర్ రికవరీ కీని వేరే చోట రాసి పెట్టుకోండి. హార్డ్‌వేర్ మార్పుల తర్వాత విండోస్ దాన్ని అడిగే అవకాశం ఉంది, అప్పుడు వెతుక్కుంటే దొరకదు.

ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసేయండి. బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి బోర్లించండి. చిన్న స్టార్ స్క్రూడ్రైవర్‌తో మరలు తీస్తూ, ఏ మర ఎక్కడిదో అదే వరుసలో కాగితం మీద పెట్టండి. ముందు వైపువి పొట్టిగా, వెనుకవి పొడుగ్గా ఉండటం మామూలు. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే పైనున్న అరచేతి పలకకు బొడిపె వస్తుంది, ఒక్కోసారి పగులుతుంది. మూత అంచుల్లో ప్లాస్టిక్ కొక్కేలుంటాయి. పాత ఏటీఎం కార్డు లాంటిది దూర్చి మెల్లగా కదిపితే టప్ టప్ మని ఊడి వస్తాయి. ఆ చప్పుడుకు కంగారు పడకండి. ఇనుప స్క్రూడ్రైవర్‌తో మాత్రం పెళ్లగించకండి.

మూత రాగానే మొదట చేయాల్సింది బ్యాటరీ కనెక్టర్‌ను బోర్డు నుంచి విడదీయడం. తీగలు పట్టి లాగకుండా, ప్లాస్టిక్ భాగాన్ని రెండు వైపులా గోళ్లతో జరపండి. అది విడిపోయాక పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ఆ తర్వాత ఏదైనా నేలకు కలిసిన లోహపు వస్తువును తాకి, ఒంట్లో ఉన్న స్థిర విద్యుత్తును పోగొట్టుకోండి.

ర్యామ్ మీద పలుచటి రేకు కప్పి ఉంటే పైకెత్తండి. కొత్త స్టిక్కును అంచుల దగ్గర పట్టుకుని, గాడి స్లాట్‌లోని గంటుకు ఎదురుగా వచ్చేలా చూసి, సుమారు 30 డిగ్రీల వాలులో లోపలికి తోయండి. బంగారు గీతలు దాదాపు కనిపించనంత లోపలికి వెళ్లాక కిందికి నొక్కితే రెండు పక్కల కొక్కేలు క్లిక్కుమని పట్టుకుంటాయి. కిందికి వంగినా కొక్కెం పట్టలేదంటే స్టిక్కు పూర్తిగా దూరలేదు, బలవంతంగా నొక్కకుండా తీసి మళ్లీ పెట్టండి. ఎస్ఎస్‌డీ కూడా ఇలాగే వాలుగా దూర్చి, చివర ఒక చిన్న మరతో బిగించాలి. ఆ మర కొన్ని ల్యాప్‌టాప్‌లలో బోర్డు మీద ఉంటుంది, కొన్నింటిలో ఉండదు, ముందే చూసుకుని తెచ్చిపెట్టుకోండి.

బ్యాటరీ కనెక్టర్ తగిలించి, ఛార్జర్ పెట్టి, స్విచ్ వేయండి. డీడీఆర్5 ర్యామ్ మార్చాక మొదటిసారి తెర నల్లగానే ఉండి, ఫ్యాను తిరుగుతూ, ఏమీ జరగనట్టు కొన్ని నిమిషాలు గడవవచ్చు. పాడైపోయిందని పవర్ బటన్ నొక్కేయకండి. కొత్త స్టిక్కుతో ఎంత వేగంలో మాట్లాడాలో ఆ సమయంలోనే యంత్రం తేల్చుకుంటుంది. వెలిగాక టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీలో మొత్తం ర్యామ్, రెండు స్లాట్లూ, వేగం సరిగ్గా చూపిస్తున్నాయో చూడండి. కొక్కేలన్నీ కూర్చునేలా మూత నొక్కి, మరలను చేతికి బిగువు తెలిసేంత వరకే తిప్పండి.

తీసిన పాత స్టిక్కు ఉంటే, దాన్ని కొత్తది వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టి, బిల్లుతో పాటు దాచండి. వారంటీలో సర్వీసుకు ఇచ్చే రోజు వస్తే కొత్త ర్యామ్ తీసి, ల్యాప్‌టాప్‌తో వచ్చిన స్టిక్కునే తిరిగి పెట్టి ఇవ్వండి.